ఇంటిపేరు గడి దగ్గర ఆగిపోయిన మాస్టారు

(వెబ్ డిజైన్ నేర్చుకుంటున్న విద్యార్థుల కోసం గ్రంథాలయం హాల్లో చేసిన ప్రసంగం. ఆరోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినబడుతోందా? ఫ్యాన్ చప్పుడు బాగా ఉంది. సరే, గట్టిగానే మాట్లాడతాను.

ముందు ఒక ప్రశ్న. మీ ఇంట్లో అమ్మకో నాన్నకో, పక్కింటి పెద్దవాళ్ళకో ఆన్‌లైన్ ఫారం నింపిపెట్టినవాళ్ళు చేతులెత్తండి. చూడండి, దాదాపు అందరూ ఎత్తారు. ఇప్పుడు రెండో ప్రశ్న. ఆ ఫారం ఎవరి కోసం తయారుచేశారు? వాళ్ళ కోసమే కదా? పింఛను వాళ్ళది, పొలం వాళ్ళది, పేరు వాళ్ళది. మరి మీరెందుకు నింపాల్సి వచ్చింది?

"నాకు ఇవన్నీ తెలియవు నాయనా" అంటారు వాళ్ళు. మనం నమ్మేస్తాం. నేనూ నమ్మాను, చాలా ఏళ్ళు. వెబ్‌సైట్లు కట్టడం నా వృత్తి. ఎవరికైనా నేను కట్టిన పేజీ అర్థం కాకపోతే, "పాపం, వాళ్ళకి అలవాటు లేదు" అనుకునేదాన్ని. ఆ అభిప్రాయం ఎక్కడ మారిందో, ఎలా మారిందో ఈరోజు మీకు చెబుతాను.

మా ఊళ్ళో బస్టాండు పక్కన ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉంది. మూడు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, ఒక లామినేషన్ మిషను. దాన్ని నడిపే అబ్బాయి నన్ను అక్కా అంటాడు. 2023లో నాలుగు రోజులు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, అక్కడ స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఏమీ చేయలేదు. వచ్చినవాళ్ళని చూశాను, అంతే. పదిహేనేళ్ళ నా పనిలో నేర్చుకోనిది ఆ నాలుగు రోజుల్లో నేర్చుకున్నాను.

రెండో రోజు ఒక మాస్టారు ఆన్‌లైన్ ఫారం నింపడానికి వచ్చారు. 1958లో పుట్టారు. ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. "నేనే నింపుకుంటాను బాబూ, నువ్వు కాస్త పక్కనుండు" అని కుర్చీలో కూర్చున్నారు. నలభై నిమిషాల తర్వాత లేచి, "నావల్ల కాదురా, నువ్వే నింపు" అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం నేను మర్చిపోలేను. ఊళ్ళో సగం మందికి లెక్కలు నేర్పిన మనిషి. ఆయనకి చదువు రాదంటామా? బుర్ర లేదంటామా? ఆయన ఎక్కడెక్కడ ఆగారో నేను ఒక కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితమే ఇవాళ్టి నా ప్రసంగం.

మొదట ఆగింది పేరు దగ్గర. అవును, సొంత పేరు దగ్గరే. ఫారంలో రెండు గడులు: ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్. ఇప్పుడు చెప్పండి, మన పేరులో ఫస్ట్ ఏది? మొదట వచ్చేది ఇంటిపేరు. చివర వచ్చేది సొంత పేరు. కాబట్టి మాస్టారు ఫస్ట్ నేమ్‌లో ఇంటిపేరు రాశారు, లాస్ట్ నేమ్‌లో తన పేరు రాశారు. తర్కం ప్రకారం ఆయన చేసింది నూటికి నూరుపాళ్ళు సరైనది. కానీ ఆ రెండు గడులు పేరు ముందు, ఇంటిపేరు వెనక ఉండే దేశాల నుంచి వచ్చాయి. వాటిని మనం అలాగే తెచ్చి పెట్టేసుకున్నాం. ఫలితం? "మీ వివరాలు సరిపోలడం లేదు" అని వచ్చింది. మాస్టారు తన పేరుని మూడుసార్లు కొట్టేసి మూడుసార్లు రాశారు. ఒకసారి ఇనిషియల్‌తో, ఒకసారి పూర్తి ఇంటిపేరుతో, ఒకసారి మొత్తం ఒకే గడిలో.

ఇది చిన్న విషయం అనుకుంటున్నారా? కాదండీ. బడి సర్టిఫికెట్‌లో ఇనిషియల్, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా. పాన్ దరఖాస్తులో లాస్ట్ నేమ్ తప్పనిసరి, ఇనిషియల్స్ ఒప్పుకోరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి అమెరికా వెళ్ళినవాళ్ళ సంగతి మీరు వినే ఉంటారు. వీసాలో ఆ ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి పోతుంది. సొంత పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదని అర్థం. అమ్మానాన్నలు నామకరణం చేసి పెట్టుకున్న పేరు ఉండగా, కాగితం మీద ఆ మనిషికి పేరు తెలియదు! ఇదంతా రెండు గడుల వల్ల.

మరి ఏం చేయాలి? చాలా తేలిక. ఒకే గడి పెట్టండి. "మీ పూర్తి పేరు, ఆధార్ కార్డు మీద ఉన్నట్టే" అని పైన రాయండి. వెబ్ ప్రమాణాలు తయారుచేసే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం కూడా ఇదే సలహా ఇస్తుంది: నిజంగా విడివిడిగా అవసరం లేకపోతే పేరుని ముక్కలు చేయొద్దని. విడిగా కావాల్సే వస్తే "ఇంటిపేరు", "మీ పేరు" అని అడగండి. ఫస్ట్, లాస్ట్ అనే మాటలు మన ఫారాల్లోంచి పోవాలి.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. ఒక సంస్థకి నేను కట్టిన ఫారంలో పేరు తెలుగులో రాసే వీలు పెట్టాను. పేరులో అంకెలూ గుర్తులూ రాకుండా "అక్షరాలు మాత్రమే" అని ఒక తనిఖీ పెట్టాను. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించాను, పనిచేసింది. తెలుగులో లక్ష్మి అని రాస్తే మాత్రం ఎర్ర గీత! ఎందుకో తెలుసా? యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లు వాడే ఉమ్మడి పట్టిక. అందులో ల ఒక అక్షరం, క ఒక అక్షరం. కానీ గుడి, పొల్లు ఇవన్నీ అక్షరాల జాబితాలో లేవు, వాటిది వేరే వర్గం, చిహ్నాలు. నేను రాసిన తనిఖీ మన గుణింతం మొత్తాన్ని తప్పు కింద తీసేసింది. లక్ష్మి అంటే మన కంటికి రెండే అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. పేరుకి ఇరవై అక్షరాలే అని హద్దు పెడితే, ఆ ఇరవై ఎవరి ఇరవై? విద్యార్థులు ఇది రాసుకోండి. అక్షరాలతో పాటు చిహ్నాలను కూడా ఒప్పుకోవాలి. ఒకరి పేరు తప్పని చెప్పే హక్కు మన కోడుకి లేదు.

సరే, మాస్టారి దగ్గరికి వద్దాం. పేరు గండం గట్టెక్కింది. తర్వాత పుట్టిన తేదీ. గడిలో నొక్కగానే క్యాలెండర్ తెరుచుకుంది. ఏ నెల? ఆ రోజున్న నెల, 2023. పక్కన చిన్న బాణం గుర్తు. ఒకసారి నొక్కితే ఒక నెల వెనక్కి వెళ్తుంది. మాస్టారు నాలుగైదుసార్లు నొక్కి ఆగారు. లెక్కల మాస్టారు కదా, ఆ అబ్బాయి వైపు తిరిగి, "అరవై ఐదేళ్ళు, ఏడాదికి పన్నెండు. ఏడొందల ఎనభై సార్లు నొక్కాలా బాబూ?" అని అడిగారు.

పైన 2023 అని రాసి ఉంది చూశారా, దాని మీద నొక్కితే ఏళ్ళ జాబితా వస్తుంది. ఆ అబ్బాయికి తెలుసు, నాకూ తెలుసు. కానీ అది నొక్కేది అని చెప్పే గుర్తు ఏదైనా ఉందా? గీత లేదు, బాణం లేదు, రంగు తేడా లేదు. తెలిసినవాళ్ళకే తెలిసే తలుపు అది. క్యాలెండర్ ఎప్పుడు మంచిది? వచ్చే వారం రైలు టికెట్ తీసుకుంటున్నప్పుడు. ఏ వారం, ఆదివారమా సోమవారమా అన్నది ముఖ్యం కాబట్టి. పుట్టినరోజు మనకి నోటికి వచ్చు. దాన్ని వెతికించడం ఎందుకు? మూడు గడులు పెట్టండి: రోజు, నెల, సంవత్సరం. అంకెలు టైపు చేస్తారు, అయిపోయింది. బ్రిటన్ ప్రభుత్వం 2012లో తన శాఖల వెబ్‌సైట్లని ఒకే చోటికి తెచ్చి గవ్ డాట్ యూకే అని పెట్టింది. వాళ్ళ ఫారాల్లో పుట్టిన తేదీకి ఈ మూడు గడులే ఉంటాయి. పేరుకి ఒకే గడి పెట్టమని వాళ్ళూ చెబుతారు. ఆ డిజైన్ నియమాలన్నీ ఉచితంగా చదువుకోవచ్చు, చదవండి.

మూడోది ఆధార్ నంబరు. కార్డు తీసి చూడండి. నాలుగంకెలు, ఖాళీ, నాలుగంకెలు, ఖాళీ, నాలుగంకెలు. కార్డు మీద ఎలా ఉందో మాస్టారు అలాగే, ఖాళీలతో సహా కొట్టారు. ఎర్ర అక్షరాల్లో "ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్" అని వచ్చింది. ఆయన నంబరు మళ్ళీ సరిచూసుకున్నారు. సరిగ్గానే ఉంది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ అదే. ఏం తప్పో అది చెప్పదు. ఖాళీలు తీసేయడానికి కోడులో ఒక్క లైను చాలు. ఆ ఒక్క లైను మనం రాయకపోతే, లక్షల మంది ఖాళీలు తీసుకుంటూ కూర్చోవాలి. మనం పడాల్సిన శ్రమని వాళ్ళ నెత్తిన పెట్టడం ఇది.

తప్పు జరిగినప్పుడు ఎలా చెప్పాలి? ఇంటికొచ్చిన పెద్దాయనతో ఎలా మాట్లాడతామో అలా. "ఆధార్ నంబరులో 12 అంకెలు ఉండాలి, మీరు 11 వేశారు, ఒకసారి చూడండి." ఈ మాట ఆ గడి పక్కనే ఉండాలి. పేజీ పైన ఎక్కడో పెట్టి, మనిషి పేజీ కింద ఉంటే ఏం కనబడుతుంది? ఏమీ జరగలేదనుకుని బటన్ మళ్ళీ మళ్ళీ నొక్కుతారు. ఇంకొకటి, గడి లోపల లేత రంగులో "మీ ఫోన్ నంబరు" అని రాస్తారు, టైపు చేయడం మొదలుపెట్టగానే అది మాయమవుతుంది. మధ్యలో ఫోన్ వచ్చి మాట్లాడి తిరిగి చూస్తే, ఏ గడిలో ఏం రాస్తున్నామో గుర్తుండదు. ఆ గడిలో ఏం రాయాలో గడి పైన రాయండి, అక్కడే ఉంచండి.

ఫోటో సంగతి మీకు నేను చెప్పాలా? ఉద్యోగ పరీక్షలకి దరఖాస్తు చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు ఇక్కడ. ఫోటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20 కేబీ. అవునా? మీ ఫోన్‌లో తీసిన ఫోటో ఎంత ఉంటుంది? మూడు నాలుగు ఎంబీ. దాన్ని యాభై కేబీకి కుదించడానికి ఊరూపేరూ తెలియని సైట్లలో మీ ఫోటో, మీ సంతకం పెడుతున్నారు. సంతకం, గుర్తుంచుకోండి! నిజానికి ఆ కుదించే పని మీ బ్రౌజరే చేయగలదు, ఫోటో పంపే ముందు, అక్కడికక్కడే. కడుతున్నవాళ్ళు చేయాల్సిన పని అది. ఇంటర్నెట్ సెంటర్లో ఆ నాలుగు రోజుల్లో ఎక్కువ సమయం దీనికే పోయింది, ఫోటోలు కుదించడానికి.

ఇదంతా అయ్యేసరికి మాస్టారి పేజీ తెల్లగా అయిపోయింది. సెషన్ ఎక్స్‌పైర్డ్, అంటే ఇచ్చిన సమయం అయిపోయిందట. నింపిందంతా పోయింది. ఆయన లేచింది అప్పుడే. భద్రత కోసం సమయం పెట్టొద్దని నేను అనను. కానీ ముందు హెచ్చరించాలి కదా? వెబ్ అందరికీ అందాలని రాసిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఉన్నాయి, డబ్ల్యూసీఏజీ అంటారు. మొదటిది 1999లో వచ్చింది, 2.2 అనే కూర్పు 2023 అక్టోబరులో వచ్చింది. సమయం అయిపోయే ముందు చెప్పాలి, ఇంకొంచెం సమయం కావాలని ఒక బటన్ నొక్కడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి అని వాటిలో ఉంది.

ఇప్పుడు ఆగి ఒక్కసారి ఆలోచించండి. మాస్టారు లేచిపోయాక ఏం జరిగింది? ఆ అబ్బాయి నింపాడు. యాభై రూపాయలు తీసుకున్నాడు. అది అతని కష్టం, తప్పులేదు. కానీ ఓటీపీ వచ్చింది. మాస్టారు దాన్ని గట్టిగా చదివి చెప్పారు, నలుగురూ వినేలా. పాస్‌వర్డ్ ఆ అబ్బాయే పెట్టాడు. ఆధార్ నంబరు అక్కడి నోటుపుస్తకంలో రాసి ఉంది, మళ్ళీ వస్తే పనికొస్తుందని. ఆ అబ్బాయి మంచివాడు. అందరూ అలాంటివాళ్ళే దొరుకుతారా? ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు రోజూ మెసేజ్‌లు పంపుతాయి. చెప్పక తప్పని ఫారాలు మనం కడతాం. ఇదీ నన్ను నిద్రపోనివ్వని విషయం.

కాస్త మంచినీళ్ళు తాగి, అక్షరాల గురించి చెబుతాను.

తెలుగు వెబ్‌సైట్లు చాలావాటిలో వరసకి వరసకి మధ్య దూరం ఇంగ్లీషుకి సరిపోయేంతే ఉంటుంది. ఇంగ్లీషు అక్షరానికి కింద పెద్దగా ఏమీ వేలాడదు. మనకి వత్తులున్నాయి. స్త్రీ, రాష్ట్రం ఇలాంటివాటిలో ఒక వత్తు కింద ఇంకో వత్తు. వరసలు ఇరుకైతే పై వరస వత్తు కింది వరస తలకట్టుకి తగులుతుంది. బటన్‌లో ఇంకా ప్రమాదం. బటన్ ఎత్తు ఇంగ్లీషు కొలతతో పెడితే అడుగు భాగం తెగిపోతుంది. "రద్దు" అనే బటన్ "రదు" అయిపోవడం నేను కళ్ళారా చూశాను. "పన్ను" కాస్తా "పను". నేను తెలుగుకి వరస ఎత్తు అక్షరం సైజుకి 1.7 రెట్లు తగ్గకుండా పెడతాను. స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి ఈ మూడు మాటలూ ప్రతి బటన్‌లో వేసి చూస్తాను. మీరూ చేయండి.

ఫాంట్లు లేవనే మాట ఇక చెల్లదు. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగు ఉంది. అయినా చాలా ఏళ్ళు ఒక్కో పత్రిక సైటు ఒక్కో సొంత ఫాంట్‌తో నడిచింది. ఆ ఫాంట్ లేకపోతే అర్థంలేని గుర్తులు కనబడేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి పద్మ అనే పనిముట్టు కావాల్సి వచ్చింది. ఈరోజు మండలి, రామభద్ర, సురవరం లాంటివి, నోటో తెలుగు కూడా, ఉచితంగా దొరుకుతున్నాయి. అయినా ఇంకా కొన్ని ఆఫీసులు నోటీసుని కాగితం మీద అచ్చువేసి, స్కాన్ చేసి, బొమ్మగా పెడుతున్నాయి. బొమ్మలో అక్షరాలు వెతికితే దొరకవు. ఫోన్‌లో పెద్దవి చేస్తే పక్కకి పోతాయి. చూపులేనివాళ్ళకి అయితే ఆ పేజీ ఖాళీ.

రంగు గురించి ఒక్క మాట. తెలుపు మీద లేత బూడిద రంగు అక్షరాలు ఇప్పుడు ఫ్యాషన్. మామూలు సైజు అక్షరాలకి, వెనక రంగుకి మధ్య తేడా కనీసం 4.5కి 1 ఉండాలని ఇందాక చెప్పిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాలు చెబుతాయి. రంగు కోడులో ఆరు ఏడులు వేస్తే వచ్చే బూడిద రంగు తెలుపు మీద 4.48 దగ్గర ఆగిపోతుంది. అంతకంటే లేతవి వాడుతున్నవాళ్ళు మీలో ఎంతమంది? ఎండలో నిలబడి ఫోన్ చూసే రైతు సంగతి అడగండి.

నాకు తెలిసిన ఒక అమ్మాయి ఉంది. పుట్టుకతో చూపు లేదు. బ్యాంకు పరీక్షలకి చదువుతోంది. ఎన్‌వీడీఏ అని ఉచిత స్క్రీన్ రీడర్ ఉంది, అది తెర మీద ఉన్నది చదివి వినిపిస్తుంది. ఆ అమ్మాయి వినే వేగం మనకి అందదు. ఒకరోజు పక్కన కూర్చుని ఒక సైటు విన్నాను. "బటన్. బటన్. బటన్. బటన్." అంతే వినబడింది. నాలుగు బొమ్మల బటన్లు, ఒక్కదానికీ పేరు లేదు. ఏది ముందుకు పంపుతుంది, ఏది చెరిపేస్తుంది? ఊహించి నొక్కాలి. తెలుగు పేజీ అని కోడులో ఒక చిన్న గుర్తు, భాష టీఈ అని, పెట్టకపోతే ఆ రీడర్ తెలుగుని ఇంగ్లీషు గొంతుతో చదవబోయి తడబడుతుంది. అయిదు నిమిషాల పని ఇది.

చివర్లో క్యాప్చా. నింపేది మనిషో కాదో చూడటానికి పెట్టే వంకర అక్షరాల బొమ్మ. వినే ఏర్పాటు లేదు. "ఇక్కడ ఎప్పుడూ తమ్ముణ్ణి పిలుస్తాను అక్కా" అంది. ఇరవై మూడేళ్ళ అమ్మాయి, చదువులో ముందుండే అమ్మాయి, తన లాగిన్ కోసం తమ్ముడు ఇంటికి వచ్చేదాకా ఎదురుచూడాలి. లాగిన్‌కి ఇలాంటి పరీక్ష ఒక్కటే దారిగా ఉండకూడదని డబ్ల్యూసీఏజీ 2.2లో రాశారు. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది, ప్రభుత్వ వెబ్‌సైట్లకి 2009 నుంచి మార్గదర్శకాలున్నాయి, మూడో కూర్పు 2023లో వచ్చింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. పేజీ మీదకి రావాలి. తెచ్చేవాళ్ళు మీరే.

"మేడమ్, ఇంత పరీక్షించడానికి డబ్బు, మనుషులు ఎక్కడినుంచి వస్తారు" అని పోయినసారి ఒక అబ్బాయి అడిగాడు. జేకబ్ నీల్సన్ అని ఈ రంగంలో పెద్దాయన ఉన్నారు. ఐదుగురితో పరీక్షిస్తే ఇబ్బందుల్లో దాదాపు 85 శాతం బయటపడతాయని 2000లో రాశారు. ఆ అంకె మీద వాదనలున్నాయి, పక్కన పెట్టండి. నా అనుభవంలో అయితే మొదటి మనిషే సగం చూపిస్తారు. మాస్టారు ఒక్కరే నాకు ఎన్ని చూపించారో విన్నారుగా? మీ అమ్మ, మీ వీధిలో టైలరు, మీ కాలేజీ వాచ్‌మన్ సరిపోతారు. టీ ఇప్పించి కూర్చోబెట్టండి. ఒకటే నియమం. మీరు మాట్లాడకూడదు. "అది కాదు పిన్నీ, ఆ పక్కది నొక్కు" అనకూడదు. ఆమె చేయి ఎక్కడ ఆగిందో అక్కడ మీ పని ఉంది.

మాస్టారు నింపలేకపోయిన ఆ ఫారంలోని ప్రశ్నలతోనే నేను ఇంకో ఫారం కట్టాను. ఒకే పేరు గడి, తేదీకి మూడు గడులు, ఖాళీలు అదే తీసేసుకుంటుంది, ఫోటో అదే కుదించుకుంటుంది. మాస్టారి ఇంటికి తీసుకెళ్ళాను. తొమ్మిది నిమిషాల్లో నింపారు, ఎవరినీ అడగకుండా. ఒక్కచోట ఆగారు. వెనక్కి వెళ్ళే బటన్ నొక్కితే రాసింది పోతుందేమోనని భయపడి, నా ముఖంలోకి చూశారు. నేను మాట్లాడలేదు. ఆ తర్వాత ఆ బటన్ పక్కన "మీరు రాసింది పోదు" అని చేర్చాను.

ఆ ఫారం ఈ లాప్‌టాప్‌లో ఉంది. ఇంకా ఎక్కడెక్కడ తప్పులున్నాయో నాకు తెలియాలి. ఆ మూడో వరసలో తెల్లచొక్కా పెద్దాయన, అయ్యా, మీరు ఒకసారి ముందుకు వస్తారా? భయం లేదండీ, పరీక్ష మీకు కాదు. మెల్లగా రండి, మెట్టు ఉంది. తమ్ముడూ, ప్రొజెక్టర్ కేబుల్ ఇటు ఇవ్వు. మిగతావాళ్ళు కాగితం, పెన్ను తీయండి, ఆయన చేయి ఎక్కడ ఆగుతుందో రాసుకోండి. ఎవరూ నోరు మెదపకూడదు.